జంతు కణజాల నమూనాల తయారీలో యాంత్రీకరణ

జంతు శరీరం నుంచి తీసిన కణజాలాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించడానికి వీలైన స్లైడుగా మార్చే క్రమంలో, చేతితో చేసే దశలను నియంత్రిత యంత్రాలతో జరిపించే పద్ధతిని కణజాల తయారీ యాంత్రీకరణ అంటారు. పశువైద్య రోగనిర్ధారణ, ఔషధాల విషప్రభావ పరీక్షలు, జీవశాస్త్ర పరిశోధన, పశువైద్య విద్య దీని ప్రధాన వినియోగ రంగాలు. ద్రావణాలు మార్చడం, మైనం ఎక్కించడం, రంగు వేయడం, కవర్‌స్లిప్ అమర్చడం వంటి దశలు అనేక ప్రయోగశాలల్లో యంత్రాలకు వెళ్లాయి. అవయవాన్ని పరిశీలించి ముక్క కోయడం, దాన్ని మైనపు దిమ్మలో సరైన దిశలో నిలపడం, పలుచని పొరలుగా తీయడం మాత్రం ఇప్పటికీ ఎక్కువగా శిక్షణ పొందిన సిబ్బంది చేతుల మీదుగానే సాగుతున్నాయి.

## నిర్వచనం, పరిధి

తాజా కణజాలం మెత్తగా, నీటితో నిండి, కాంతిని చొరనీయకుండా ఉంటుంది. కణాల అమరిక స్పష్టంగా కనబడాలంటే దాన్ని సాధారణంగా 3 నుంచి 5 మైక్రాన్ల మందంతో కోయాలి. అంత పలుచగా తెగాలంటే కణజాలానికి లోపలి నుంచి గట్టిదనం కావాలి. పారఫిన్ మైనం ఆ గట్టిదనాన్ని ఇస్తుంది. మైనం నీటిలో కలవదు కనుక ముందు నీటిని ఆల్కహాల్‌తో, ఆ తరవాత ఆల్కహాల్‌ను జైలీన్ వంటి ద్రావణితో తొలగించి, చివరికి కరిగిన మైనాన్ని ఎక్కిస్తారు. టిష్యూ ప్రాసెసర్ అనే యంత్రం చేసే పని ఈ వరుస మార్పిడే.

విస్తృతార్థంలో యాంత్రీకరణ అంటే ప్రాసెసర్ ఒక్కటే కాదు. క్యాసెట్ల మీద గుర్తులు ముద్రించే యంత్రం నుంచి స్లైడును డిజిటల్ చిత్రంగా మార్చే స్కానర్ దాకా ఉన్న గొలుసంతా దీని కిందికి వస్తుంది. ఈ వ్యాసంలో మైనపు దిమ్మల పద్ధతే ప్రధానాంశం.

చూడండి: శీతల ఛేదన పద్ధతి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని నమూనాలు

## చరిత్ర

### చేతి పని కాలం

19వ శతాబ్దం రెండో సగంలో కణజాల అధ్యయనానికి అవసరమైన పదార్థాలు ఒక్కొక్కటిగా వాడుకలోకి వచ్చాయి. పారఫిన్ మైనాన్ని కణజాలానికి ఆధారంగా వాడిన తొలి వ్యక్తిగా ఎడ్విన్ క్లెబ్స్ పేరు చెబుతారు. అది 1869 నాటి మాట. మధ్య అమెరికా ప్రాంతపు లాగ్‌వుడ్ చెట్టు చేవ నుంచి తీసే హెమటాక్సిలిన్‌ను, కృత్రిమ రంగు ఇయోసిన్‌ను జోడించే పద్ధతి 1870లలో రూపుదిద్దుకొంది. నేటికీ కణజాల పరీక్షలో అత్యధికంగా వాడేది ఈ జంట రంగే. 1893లో ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు ఫెర్డినాండ్ బ్లూమ్ ఫార్మాల్డిహైడ్ కణజాలాన్ని గట్టిపరిచి చెడకుండా నిలుపుతుందని గుర్తించాడు. ఆ పదార్థాన్ని క్రిమినాశకంగా పరీక్షిస్తుండగా తన వేళ్ల చర్మం బిరుసెక్కడం ఆయనను ఈ దిశగా నడిపించింది.

### కోతలో తొలి యంత్రాలు

కణజాల తయారీలో యాంత్రీకరణ ముందుగా కోత దశలో మొదలైంది. 1880లలో కేంబ్రిడ్జ్‌లో కాల్డ్‌వెల్, త్రెల్‌ఫాల్ కలిసి స్వయంచాలక మైక్రోటోమ్‌ను రూపొందించారు. మైనపు దిమ్మ నుంచి తెగిన పొరలు ఒకదాని అంచుకు మరొకటి అతుక్కొని రిబ్బనులా వరుసగా రావడం దానితో సాధ్యమైంది. పిండాభివృద్ధిని మొదటి పొర నుంచి చివరి పొర దాకా క్రమం తప్పకుండా చూడాల్సిన జంతుశాస్త్రవేత్తలకు ఇది ఎంతో ఉపకరించింది. 1885లో హోరస్ డార్విన్ రూపొందించిన రాకింగ్ మైక్రోటోమ్, 1886లో అమెరికాలో చార్లెస్ మైనట్ రూపొందించిన చక్రపు మైక్రోటోమ్ ఈ పనిని సాధారణ ప్రయోగశాలల్లోకి తెచ్చాయి. నేటి చక్రపు మైక్రోటోమ్‌లకు మైనట్ నమూనాయే మూలం.

### ద్రావణాల మార్పిడిలో యంత్రాలు

కణజాలాన్ని ఒక ద్రావణం నుంచి మరోదానికి తనంతట తాను మార్చే పరికరాన్ని జర్మనీలో అరెంట్ 1909లో వర్ణించాడు. 1939లో అమెరికాలో ఎడ్విన్ వైట్‌హెడ్, ఆయన తండ్రి స్థాపించిన టెక్నికాన్ సంస్థ తెచ్చిన ఆటోటెక్నికాన్‌తో ఈ తరహా యంత్రం ప్రయోగశాలల్లో విస్తృతంగా స్థిరపడింది. గుండ్రంగా అమర్చిన జాడీల మీదుగా కణజాలపు బుట్టను పైకెత్తి, పక్కకు తిప్పి, తరవాతి జాడీలో ముంచడం దాని పని. కాలం లెక్కించేది గడియారపు యంత్రాంగం. సాయంత్రం నమూనాలు పెట్టి ఉదయానికి మైనంలో ఉన్న ముక్కలను అందుకొనే రాత్రిపూట పని విధానం ఈ తరం యంత్రాలతోనే రూపుదిద్దుకొంది.

20వ శతాబ్దం రెండో సగంలో మరో రెండు మార్పులు జరిగాయి. మొదటిది ప్లాస్టిక్ క్యాసెట్. అమెరికన్ పాథాలజిస్టు జేమ్స్ మెక్‌కార్మిక్ అభివృద్ధి చేసిన పద్ధతిలో ముక్క కోసినప్పుడు ఏ పెట్టెలో ఉంటుందో, ప్రాసెసింగ్‌లోనూ మైనపు దిమ్మకు ఆధారంగానూ అదే ఉంటుంది. నమూనా గుర్తింపు సంఖ్య మొదటి నుంచి చివరి దాకా దానితోనే ప్రయాణించడం వల్ల నమూనాలు తారుమారయ్యే అవకాశం తగ్గింది. రెండోది మూసిన పాత్ర గల ప్రాసెసర్. ఇందులో కణజాలం కదలదు. ద్రావణాలే పాత్రలోకి వచ్చి పోతుంటాయి.

### వేగ పద్ధతులు

సూక్ష్మతరంగాల వేడితో కణజాలాన్ని స్థిరపరచడాన్ని మేయర్స్ 1970లో వివరించాడు. 1980లలో నెదర్లాండ్స్‌లో మథిల్డె బూన్, కాక్ చేసిన కృషితో మైక్రోవేవ్ వాడకం ప్రాసెసింగ్‌కు, రంగు వేయడానికీ విస్తరించింది. ఆ తరవాత అమెరికాలోని మయామీ విశ్వవిద్యాలయంలో అజోరిడెస్ మొరాలెస్ బృందం నిరంతరాయ వేగ ప్రాసెసింగ్‌ను అభివృద్ధి చేసింది. రాత్రంతా సాగే పనిని కొద్ది గంటలకు కుదించడం ఈ పద్ధతుల లక్ష్యం.

## తయారీ దశలు, వాటి సూత్రాలు

### స్థిరీకరణ

శరీరం నుంచి వేరైన వెంటనే కణజాలంలోని ఎంజైములు దాన్ని కరిగించడం మొదలుపెడతాయి. వేడి వాతావరణంలో ఈ క్షయం మరింత వేగంగా జరుగుతుంది. దీన్ని ఆపడమే స్థిరీకరణ. ఎక్కువగా వాడే ద్రావణం 10 శాతం తటస్థ బఫర్ ఫార్మలిన్. మార్కెట్లో దొరికే గాఢ ఫార్మలిన్‌లో 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉంటుంది కనుక, పదింతలు పలుచన చేసిన ఈ ద్రావణంలో ఉండేది సుమారు 4 శాతమే. ఫాస్ఫేట్ లవణాలు దాని పీహెచ్‌ను 7 దరిదాపుల్లో నిలుపుతాయి. బఫర్ లేని పాత ఫార్మలిన్ ఆమ్లగుణానికి మారి రక్తం ఉన్నచోట గోధుమ రంగు మచ్చలు వదులుతుంది.

ఫార్మాల్డిహైడ్ కణజాలంలోకి చొరబడేది త్వరగా, ప్రోటీన్ల మధ్య బంధాలు కట్టేది నిదానంగా. అందువల్ల కనీసం 10 రెట్లు, వీలైతే 20 రెట్ల పరిమాణం ద్రావణంలో 24 నుంచి 48 గంటలు ఉంచడం సాధారణ నియమం. ప్రాసెసర్లలో మొదటి ఒకటి రెండు స్థానాలు ఫార్మలిన్‌కు కేటాయిస్తారు. అయితే అవి బయట మొదలైన స్థిరీకరణను కొనసాగించడానికే. లోపలి భాగం స్థిరపడని ముక్క ఫార్మలిన్ దాటి ఆల్కహాల్‌లోకి వెళ్తే, మిగిలిన భాగాన్ని ఆల్కహాల్ వేరే తీరున గట్టిపరుస్తుంది. ఒకే స్లైడులో అంచు ఒక విధంగా, మధ్య మరో విధంగా కనబడుతుంది.

### ముక్క కోత

అవయవాన్ని కంటితో పరిశీలించి, మచ్చలు, గడ్డలు, రంగు మార్పులు నమోదు చేసి, పరీక్షకు తగిన భాగాన్ని 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందంతో కోసి క్యాసెట్‌లో పెడతారు. ప్రయోగశాల పరిభాషలో దీన్ని గ్రాసింగ్ అని, విషప్రభావ అధ్యయనాల్లో ట్రిమ్మింగ్ అని అంటారు. వ్యాధిగ్రస్త భాగం, ఆరోగ్యవంతమైన భాగం కలిసే అంచును ఎంచుకోవడం ముఖ్యం. నిర్ణయంతో కూడిన పని కనుక ఈ దశ యాంత్రీకరణకు అతి తక్కువగా లొంగింది.

### నిర్జలీకరణ, పారదర్శకీకరణ, మైనం ఎక్కించడం

నీటిని ఒక్కసారిగా తొలగిస్తే కణజాలం ముడుచుకొని వికృతమవుతుంది. అందుకే 70 శాతం ఆల్కహాల్‌తో మొదలుపెట్టి 80, 95 శాతాల మీదుగా నూరు శాతానికి చేరుస్తారు. ఆఖరి నూరు శాతం ఆల్కహాల్‌ను రెండు మూడు సార్లు కొత్త జాడీల్లో ఇస్తారు. తరవాత జైలీన్ ఆల్కహాల్‌ను తోసివేస్తుంది. జైలీన్ వక్రీభవన గుణకం ప్రోటీన్ల గుణకానికి దగ్గరగా ఉండటంతో ముక్క పారదర్శకంగా మారుతుంది. దశ పేరు అలా వచ్చిందే. చివరికి 56 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి ఉన్న పారఫిన్‌ను మూడు నాలుగు విడతలు ఎక్కిస్తారు. ఈ దశలో శూన్యపీడనం వాడితే చిక్కుకున్న గాలి, మిగిలిన జైలీన్ బయటికి వస్తాయి. గాలితో నిండిన ఊపిరితిత్తులకు ఇది ప్రత్యేకంగా మేలు చేస్తుంది.

### దిమ్మ పోయడం, కోయడం

మైనం ఎక్కిన ముక్కను లోహపు అచ్చులో పరీక్షించాల్సిన ముఖం అడుగున ఉండేలా నిలిపి, కరిగిన మైనం పోసి చల్లారుస్తారు. పేగు అడ్డకోతలో నిలవాలి. చర్మం పైపొర నుంచి లోపలి దాకా అన్ని పొరలూ ఒకే తలంలో కనబడాలి. దిశ తప్పితే దిమ్మను కరిగించి మళ్లీ పోయవలసి వస్తుంది. చల్లబరిచిన దిమ్మను మైక్రోటోమ్‌పై కోసి, వచ్చిన రిబ్బనును 40 నుంచి 45 డిగ్రీల వెచ్చని నీటిపై తేల్చి, ముడతలు విప్పి, గాజు స్లైడు మీదికి ఎత్తుకొంటారు.

### రంగు వేయడం, కవర్‌స్లిప్ అమర్చడం

ఆరిన స్లైడు నుంచి మైనం తొలగించి, క్రమంగా నీటిలోకి తెచ్చి హెమటాక్సిలిన్, ఇయోసిన్ పట్టిస్తారు. అల్యూమినియం లవణం తోడైన హెమటాక్సిలిన్ కేంద్రకాలను నీలంగా, ఇయోసిన్ కణద్రవ్యాన్ని, నారలను గులాబీ రంగులో చూపుతాయి. మళ్లీ నీటిని తొలగించి, జిగురు పదార్థంతో కవర్‌స్లిప్ అతికిస్తే స్లైడు శాశ్వతంగా నిలుస్తుంది.

## యంత్రాల రకాలు

జాడీల చక్రం గల ప్రాసెసర్. ఆటోటెక్నికాన్ సంప్రదాయపు యంత్రం. సాధారణంగా 12 స్థానాలు ఉంటాయి. ధర తక్కువ, నిర్మాణం సరళం, మరమ్మతు సులువు. జాడీలు పూర్తిగా మూసి ఉండవు కనుక ఆవిర్లు గదిలోకి వస్తాయి. కరెంటు పోయినప్పుడు బుట్ట గాలిలో నిలిచిపోతే కణజాలం ఎండిపోయే ప్రమాదం ఉంది.

మూసిన పాత్ర గల ప్రాసెసర్. నమూనాలున్న పాత్రలోకి పంపు ద్వారా ద్రావణాలు వచ్చి పోతాయి. వేడి, పీడనం, శూన్యపీడనం, కదిలింపు అన్నీ నియంత్రణలో ఉంటాయి. పెద్ద యంత్రాలు ఒకేసారి 200 నుంచి 300 క్యాసెట్లను తీసుకొంటాయి. ఆల్కహాల్ గాఢతను కొలిచే సంవేదకాలు, పాతబడిన ద్రావణాన్ని ముందు స్థానానికి జరిపే అమరిక, చివర పాత్రను శుభ్రపరిచే చక్రం వీటిలో ఉంటాయి. రెండు పాత్రలున్న యంత్రాల్లో చిన్న ముక్కలకు ఒక కార్యక్రమం, పెద్ద ముక్కలకు మరొకటి ఒకే సమయంలో నడపవచ్చు.

మైక్రోవేవ్, నిరంతర వేగ ప్రాసెసర్లు. ద్రావణం ముక్కలోకి వేగంగా ఇంకేలా వేడిని ముక్క లోపలే పుట్టిస్తాయి. ముక్క మందం ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించకుండా, అన్నీ ఒకే తీరున ఉండాలి. కోతలో ఏ కొద్ది తేడా వచ్చినా ఫలితం దెబ్బతింటుంది.

దిమ్మ పోసే యంత్రాలు. మైనం పోసే గొట్టం, వేడి పళ్లెం, చల్లటి పళ్లెం ఉన్న కేంద్రాలు సర్వసాధారణం. పూర్తి స్వయంచాలక యంత్రాల కోసం ప్రత్యేక క్యాసెట్లు వచ్చాయి. ముక్కను కోసినప్పుడే సరైన దిశలో పట్టి ఉంచే ఈ క్యాసెట్ దిమ్మలో భాగంగా ఉండిపోయి ముక్కతో పాటు తెగుతుంది.

మైక్రోటోమ్‌లు. చేతి చక్రం, మోటారు సాయం ఉన్నవి, పూర్తి స్వయంచాలకం అని మూడు స్థాయులు. మూడో స్థాయి యంత్రాలు దిమ్మ ముఖాన్ని బ్లేడుకు సమాంతరంగా సరిచేసి, పొర కోసి, స్లైడు మీదికి కూడా చేరుస్తాయి. ఒకే దిమ్మ నుంచి ఎక్కువ పొరలు తీసే పనిలో ఇవి లాభకరం.

రంగు వేసే యంత్రాలు, కవర్‌స్లిప్ యంత్రాలు. స్లైడుల చట్రాన్ని యాంత్రిక హస్తం తొట్టి నుంచి తొట్టికి మారుస్తుంది. ఒక్కో స్లైడు మీద విడివిడిగా ద్రావణం చల్లే రకం కూడా ఉంది. ఇందులో స్లైడుల మధ్య కణాలు అంటుకొనే సమస్య ఉండదు. కవర్‌స్లిప్ యంత్రాల్లో గాజు పలక వాడేవి, పలుచని ప్లాస్టిక్ పొర అతికించేవి అని రెండు విధాలు.

ప్రతిరక్షక రంజన యంత్రాలు. ఆల్బర్ట్ కూన్స్ 1941లో ఫ్లోరసెంట్ ప్రతిరక్షకాలతో మొదలుపెట్టిన విధానం నుంచి ఎదిగిన పరీక్షలను ఇవి నడుపుతాయి. కాలం, ఉష్ణోగ్రత, ద్రావణ పరిమాణం కచ్చితంగా పాటించాల్సిన అనేక చిన్న మెట్లు ఉండటంతో యంత్రాల లాభం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. మానవ కణజాలం కోసం తయారైన ప్రతిరక్షకం కుక్కలో, ఆవులో, కోడిలో అదే ప్రోటీన్‌ను గుర్తిస్తుందన్న హామీ లేదు. ఎలుక కణజాలం మీద ఎలుక నుంచే తయారైన ప్రతిరక్షకం వాడితే, దాన్ని గుర్తించడానికి వేసే రెండో ప్రతిరక్షకం కణజాలంలో సహజంగా ఉన్న ప్రతిరక్షకాలకూ అంటుకొని తప్పుడు రంగు వస్తుంది. యంత్రంలో ముందే ఉన్న కార్యక్రమాన్ని జాతి మారినప్పుడల్లా విడిగా నిర్ధారించుకోవాలి.

గుర్తింపు, సమాచార వ్యవస్థ. క్యాసెట్ మీద, స్లైడు మీద రెండు దిశల బార్‌కోడ్ ముద్రించి, ప్రతి మెట్టులో చదివించి నమోదు చేస్తారు. దిమ్మ కోస్తున్న క్షణంలోనే ఆ దిమ్మకు చెందిన స్లైడు గుర్తును ముద్రించడం తారుమారును నివారించే మంచి పద్ధతి.

చూడండి: ప్రతిరక్షక కణజాల రసాయన శాస్త్రం, డిజిటల్ పాథాలజీ

## జంతు కణజాలాల ప్రత్యేకతలు

మానవ ఆసుపత్రి ప్రయోగశాలకు వచ్చేది ఒకే జాతి కణజాలం. పశువైద్య ప్రయోగశాలకు ఒకే రోజు ఎద్దు కాలేయం, కుక్క చర్మం, కోడి పేగు, చిట్టెలుక మూత్రపిండం రావచ్చు. వీటన్నిటికీ ఒకే కాలపట్టిక పనికిరాదు. జంతు నమూనాల యాంత్రీకరణలో కేంద్ర సమస్య ఇదే.

### చిన్న జంతువులు

చిట్టెలుక అవయవాలు చిన్నవి, కొవ్వు, పీచు తక్కువ. పెద్ద జంతువుల ముక్కలకు నిర్ణయించిన కాలం వీటికి ఇస్తే అవసరానికి మించి నీరు పోయి పెళుసెక్కుతాయి. కోసినప్పుడు పగుళ్లు, సన్నని చారలు పడతాయి. అందుకని వీటికి ఒక్కో స్థానంలో తక్కువ కాలం ఇచ్చే ప్రత్యేక కార్యక్రమం పెడతారు.

### కొవ్వు, మెదడు, పెద్ద ముక్కలు

పాలిచ్చే పశువుల పొదుగు, చర్మం కింది కొవ్వు, మెదడు నుంచి కొవ్వు పదార్థాలు పూర్తిగా కరిగిపోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. తొందరపడితే మైనం లోపలికి చేరక ముక్క మధ్యలో గుంటపడుతుంది. స్థిరపడని మెదడును చేతితో నొక్కినా, సాగదీసినా నాడీకణాలు ముడుచుకొని నల్లగా కనబడతాయి. ఇది వ్యాధి మార్పుగా పొరబడే అవకాశం ఉన్న కృత్రిమ లోపం.

### ఎముక, దంతం, గిట్ట

కాల్షియం తొలగించనిదే ఎముక మైక్రోటోమ్‌కు లొంగదు. ఫార్మిక్ ఆమ్లం వేగంగా పనిచేస్తుంది. ఈడీటీఏ అనే రసాయనం రోజుల నుంచి వారాల దాకా తీసుకొంటుంది కానీ కణ నిర్మాణాన్ని, ప్రోటీన్లను మెరుగ్గా కాపాడుతుంది. కాల్షియం పూర్తిగా పోయిందని నిర్ధారించుకొన్నాకే ప్రాసెసర్‌లో పెట్టాలి. గిట్ట, కొమ్ము వంటి కెరాటిన్ భాగాలను మెత్తబరిచే ద్రావణంలో ముందుగా నానబెడతారు.

### కన్ను, వృషణం

ఫార్మలిన్‌లో నేత్రపటలం ఊడిపోవడం, వృషణ నాళికలు ముడుచుకోవడం సాధారణం. అందుకే విషప్రభావ అధ్యయనాల్లో వీటికి డేవిడ్‌సన్ స్థిరీకరణ ద్రావణం లేదా దాని సవరించిన రూపం వాడతారు. పూర్వం వాడిన బోయిన్ ద్రావణంలోని పిక్రిక్ ఆమ్లం ఎండితే పేలుడు స్వభావం కలది కావడంతో చాలా ప్రయోగశాలలు దాన్ని తగ్గించాయి.

### పక్షులు, రొయ్యలు, చేపలు

కోళ్లలో మారెక్స్ వ్యాధి కణితులను ఇతర లింఫ్ కణితుల నుంచి వేరుచేయడానికి, గంబోరో వ్యాధిలో బర్సా గ్రంథి దెబ్బతిన్న తీరు చూడటానికి స్లైడు పరీక్ష తోడ్పడుతుంది. రొయ్యల్లో హెపటోపాంక్రియాస్ అనే జీర్ణగ్రంథి, రొయ్య చనిపోయిన కొద్ది నిమిషాల్లోనే కరగడం మొదలవుతుంది. కనుక బతికున్న రొయ్యకే డేవిడ్‌సన్ ద్రావణాన్ని సూదితో ఎక్కించి, పెంకును చీల్చి, అదే ద్రావణంలో 24 నుంచి 72 గంటలు ఉంచి, ఆ తరవాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మారుస్తారు. ఇలా వచ్చిన నమూనాకు ప్రాసెసర్‌లోని ఫార్మలిన్ స్థానాలు అక్కరలేదు. కార్యక్రమం నేరుగా ఆల్కహాల్ నుంచి మొదలుపెట్టవచ్చు.

## వినియోగ రంగాలు

### రోగనిర్ధారణ

పశువుల కణితులు, చర్మవ్యాధులు, శవపరీక్షలో దొరికిన అవయవ మార్పులు ఈ పరీక్షతో నిర్ధారణ అవుతాయి. అన్ని వ్యాధులకూ మైనపు దిమ్మ మొదటి మార్గం కాదు. రేబిస్ నిర్ధారణకు స్థిరీకరించని తాజా మెదడు ముద్రల మీద ఫ్లోరసెంట్ ప్రతిరక్షక పరీక్ష ప్రధానం. అలాంటి నమూనాను మొత్తంగా ఫార్మలిన్‌లో వేస్తే ఆ పరీక్షకు అవకాశం పోతుంది.

### విషప్రభావ అధ్యయనాలు

యాంత్రీకరణ అవసరం అత్యధికంగా కనిపించే రంగం ఇది. క్యాన్సర్ కారకత్వ పరీక్షకు సంబంధించిన ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 451వ మార్గదర్శకం ప్రకారం ఒక్కో సమూహంలో ఒక్కో లింగానికి కనీసం 50 జంతువులుండాలి. కనీసం మూడు మోతాదులు, ఒక నియంత్రణ సమూహం ఉండాలి. అంటే మొత్తం కనీసం 400 జంతువులు. ఒక్కో జంతువు నుంచి సుమారు 40 రకాల కణజాలాలు తీసినా భద్రపరచాల్సిన నమూనాలు 16,000 అవుతాయి. రెండేళ్ల పాటు సాగే అధ్యయనంలో మొదట చనిపోయిన ఎలుక స్లైడు, చివర తీసిన ఎలుక స్లైడు ఒకే తీరున తయారైతేనే మోతాదుల మధ్య పోలిక నిలబడుతుంది. అందుకని ప్రయోగశాల సత్ప్రవర్తన నియమాల కింద యంత్రాల నిర్వహణ, ద్రావణాల మార్పు, కార్యక్రమాల సవరణ అన్నీ నమోదు కావాలి. అమెరికాలో ఈ నియమాలు 1978లో వెలువడ్డాయి. ఓఈసీడీ సూత్రాలు 1981లో వచ్చి 1997లో సవరణ పొందాయి. భారతదేశంలో వీటి అమలును చూసే జాతీయ సంస్థ 2002లో ఏర్పడింది. పరీక్షా ఫలితాల పరస్పర అంగీకార వ్యవస్థలో దేశం 2011లో పూర్తి భాగస్వామి అయింది.

### పరిశోధన, విద్య

వ్యాధి నమూనాలుగా పెంచే జంతువుల అధ్యయనంలోనూ, పశువైద్య కళాశాలల్లో విద్యార్థులకు ఒకే నాణ్యత గల స్లైడులు అందించడంలోనూ యంత్రాలు ఉపకరిస్తాయి. విద్యాసంస్థల్లో చేతి పద్ధతిని కూడా నేర్పుతారు. యంత్రం ఏ మెట్టులో తప్పిందో గుర్తించగల శక్తి ఆ అభ్యాసంతో వస్తుంది.

## నాణ్యత నియంత్రణ

స్లైడులో కనిపించే లోపానికి మూలం సాధారణంగా వెనుక దశల్లో ఉంటుంది. తరచుగా ఎదురయ్యేవి ఇవి:

- ముక్క మధ్యలో మెత్తగా ఉండి పొర చినగడం: స్థిరీకరణ లేదా నిర్జలీకరణ చాలకపోవడం, ముక్క మందం ఎక్కువ కావడం.
- పెళుసుతనం, సన్నని పగుళ్లు: అతిగా నీరు తీయడం, వేడి ఎక్కువ కావడం.
- మైనంలో జైలీన్ వాసన, దిమ్మ మెత్తదనం: మైనపు స్థానాలు పాతబడటం.
- రంగు మసకగా, తెల్లని మచ్చలతో రావడం: స్లైడు నుంచి మైనం పూర్తిగా పోకపోవడం, ద్రావణాల్లోకి నీరు చేరడం.
- పరాయి కణజాలపు తునక కనబడటం: కోత బల్ల, నీటి తొట్టి, రంగు తొట్టి శుభ్రంగా లేకపోవడం.

కొత్త యంత్రాన్ని గానీ, కొత్త కార్యక్రమాన్ని గానీ వాడుకలోకి తెచ్చేముందు ఒకే అవయవపు జంట ముక్కలను పాత, కొత్త పద్ధతుల్లో తయారుచేసి, ఏది ఏదో తెలియకుండా పాథాలజిస్టుతో పోల్చి చూపిస్తారు. ప్రయోగశాలకు వచ్చే ప్రతి జాతి, ప్రతి ముఖ్య అవయవం ఈ పోలికలో ఉండాలి. రోజువారీ పనిలో ప్రతి విడతతో పాటు తెలిసిన కణజాలపు నియంత్రణ స్లైడును నడిపి, మిగతా వాటికంటే ముందు చూడాలి.

## భద్రత, పర్యావరణం

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మానవుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. అమెరికా కార్మిక భద్రతా నిబంధనల ప్రకారం ఎనిమిది గంటల సగటు పరిమితి పది లక్షల గాలి భాగాలకు 0.75 భాగం. జైలీన్ ఆవిరి తలనొప్పి, మైకం కలిగిస్తుంది; అది తేలికగా మండుతుంది కూడా. మూసిన ప్రాసెసర్లు, ఆవిరిని పీల్చే బల్లలు సిబ్బందికి తగిలే మోతాదును తగ్గిస్తాయి. జైలీన్ బదులు ఐసోప్రొపనాల్ వాడే కార్యక్రమాలు, వాడిన ఆల్కహాల్‌ను స్వేదనం చేసి తిరిగి వినియోగించే పరికరాలు ఉన్నాయి. వాడేసిన ద్రావణాలను కాలువలో పారబోయకుండా ప్రమాదకర వ్యర్థాలుగా అప్పగించాలి.

పశువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల విషయంలో ఫార్మలిన్ మీద గుడ్డిగా ఆధారపడరాదు. ఆంత్రాక్స్ సిద్ధబీజాలు దాన్ని కొంతకాలం తట్టుకోగలవు. పిచ్చి ఆవు వ్యాధి వంటి వాటికి కారణమైన ప్రియాన్లు ఫార్మలిన్‌లోనూ సంక్రమణ శక్తిని నిలుపుకొంటాయి. ప్రియాన్ అనుమానం ఉన్న ముక్కలను గాఢ ఫార్మిక్ ఆమ్లంలో గంటసేపు ఉంచాకే ప్రాసెస్ చేస్తారు. ఉమ్మడి యంత్రంలో ఇతర నమూనాలతో కలపరు.

## ప్రయోజనాలు, పరిమితులు

యాంత్రీకరణ వల్ల ఫలితాల్లో ఏకరూపత, రాత్రివేళ పని సాగడం, సిబ్బందికి రసాయనాల నుంచి రక్షణ, ప్రతి మెట్టుకూ రాతపూర్వక ఆధారం లభిస్తాయి. ఖరీదు, నిరంతర విద్యుత్తు, నిర్వహణ ఒప్పందాలు, ఒకే తయారీదారు ద్రావణాలపై ఆధారపడటం దీని భారాలు. రోజుకు కొద్ది నమూనాలే వచ్చే చోట పెద్ద యంత్రం కంటే జాడీల చక్రమో, చేతి పద్ధతో అనువుగా ఉంటుంది. యంత్రంలో తప్పు జరిగితే నష్టం ఒక ముక్కతో ఆగదు. ఆ విడతలోని వందల ముక్కలూ ఒకేసారి దెబ్బతింటాయి. అందువల్ల ద్రావణాలు నింపాక రెండో వ్యక్తి సరిచూడటం, విద్యుత్తు ఆగినప్పుడు నమూనాలు సురక్షిత ద్రావణంలో ఉండేలా యంత్రాన్ని అమర్చడం, బ్యాటరీ ఆధారం ఉంచడం తప్పనిసరి జాగ్రత్తలు.

యంత్రం స్థిరీకరణ ఆలస్యాన్ని సరిచేయలేదు. తప్పు చోట కోసిన ముక్కను సరైనదిగా మార్చలేదు. అధ్యయనం కోసం ప్రాణం తీసిన జంతువు నుంచి ముక్కను రెండోసారి పొందే మార్గం ఉండదు. 1959లో రసెల్, బర్చ్ ప్రతిపాదించిన ప్రత్యామ్నాయం, తగ్గింపు, మెరుగుదల అనే మూడు సూత్రాల్లో రెండోది వాడే జంతువుల సంఖ్యను తగ్గించమంటుంది. పాడైన నమూనా వల్ల పరీక్ష మళ్లీ చేయవలసి వస్తే ఆ సంఖ్య పెరుగుతుంది. కణజాల తయారీలో నాణ్యతను శాస్త్రీయ ప్రమాణంతో పాటు నైతిక బాధ్యతగా కూడా పరిగణించడానికి ఇది ఆధారం.

## తెలుగు రాష్ట్రాలలో

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో పశువ్యాధి శాస్త్రం బోధనాంశం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు ప్రయోగ జంతువుల పెంపకంలో, అధ్యయనంలో దీర్ఘ అనుభవం ఉంది. నగర శివార్లలోని జీనోమ్ వ్యాలీ ఔషధ, టీకా పరిశోధనలకు కేంద్రం. జంతు కణజాల పరీక్ష ఆ పరిశోధనల్లో భాగం. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలో మొదటి స్థానం. కోళ్ల పెంపకంలో రెండు రాష్ట్రాలూ ముందు వరుసలో ఉన్నాయి. రైతు చెరువు గట్టున, కోళ్ల షెడ్డులో నమూనా తీసే క్షణం నుంచి ప్రయోగశాలకు చేరే దాకా ఉండే వేడి, దూరం ఇక్కడి పరీక్షల నాణ్యతను ప్రభావితం చేసే అంశాలు. సరైన ద్రావణం, తగిన పరిమాణంలో, నమూనా తీసిన చోటే అందుబాటులో ఉండటం ఈ ప్రాంతంలో యంత్రాలంత ముఖ్యం.

## ఇవి కూడా చూడండి

కణజాల శాస్త్రం, పశువ్యాధి శాస్త్రం, మైక్రోటోమ్, ఫార్మాల్డిహైడ్, హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంజనం, ప్రయోగశాల సత్ప్రవర్తన నియమాలు, ప్రయోగ జంతువుల సంక్షేమం, రొయ్యల వ్యాధులు